మిరప ఆర్‌ఎన్‌ఏలో ఎం6ఏ ప్రిడిక్షన్: టెస్టులో 94 శాతం, ట్రాన్స్‌క్రిప్ట్ మీద నడిపితే ఎక్కడ చూసినా పాజిటివే

మిరపనారు, గుంటూరు

నమస్కారమండీ. మిరప ఆకు ఎంఆర్‌ఎన్‌ఏలో ఎం6ఏ ఎక్కడెక్కడ ఉంటుందో, అంటే ఏయే అడినోసిన్‌ల మీద మిథైల్ చేరుతుందో, సీక్వెన్స్ చూసి చెప్పే మోడల్ కడుతున్నాను. రకం ఎల్‌సీఏ 334, మన లాం ఫారం రకమే. రిఫరెన్స్‌గా సీఎం334 జీనోమ్ తీసుకున్నాను.

పాజిటివ్‌లు మెరిప్-సీక్ (మిథైల్ ఉన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని యాంటీబాడీతో లాగి సీక్వెన్స్ చేసే పద్ధతి) పీక్‌ల నుంచి, అంటే రీడ్‌లు గుమిగూడిన చోట్ల నుంచి వచ్చాయి. ఒక్కో పీక్‌లో నడిమధ్యకి దగ్గరగా ఉన్న డ్రాచ్ మోటిఫ్‌లోని (ఎం6ఏ సాధారణంగా పడే అయిదు బేస్‌ల అమరిక) ఏ ని పట్టుకుని, అటు 20 ఇటు 20 కలిపి 41 బేస్‌ల కిటికీ కోశాను. నెగెటివ్‌లకి పీక్‌లు లేని జీన్‌ల నుంచి ఏదో ఒక ఏ ని రాండమ్‌గా తీసుకున్నాను, పాజిటివ్‌లు ఎన్నో ఇవీ అన్నే. వన్-హాట్ ఎన్‌కోడింగ్, రెండు కన్వల్యూషన్ లేయర్లు, ఒక డెన్స్ లేయర్. ట్రైన్-టెస్ట్ విభజన 80:20, అదీ రాండమ్‌గానే.

టెస్టులో యాక్యురసీ 94 శాతం, ఏయూసీ (పాజిటివ్‌లనీ నెగెటివ్‌లనీ ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.97. కానీ 1500 బేస్‌ల ట్రాన్స్‌క్రిప్ట్ ఒకటి తీసుకుని అందులోని ప్రతి ఏ మీదా నడిపితే దాదాపు 30 చోట్ల పాజిటివ్ అంటోంది. ఒక ఎంఆర్‌ఎన్‌ఏకి సగటున మూడు నుంచి అయిదు దాకా ఉంటాయని చదివాను. కటాఫ్ 0.5 నుంచి 0.9కి పెంచినా పెద్దగా తగ్గలేదు.

ఓవర్‌ఫిట్టింగ్ అనుకుని డ్రాపౌట్ పెంచి చూశాను, తేడా లేదు. తప్పు మోడల్‌లో ఉందా, డేటాలో ఉందా? మనుషులు, ఎలుకల లాంటి క్షీరదాల డేటాతో తయారైన, ఎం6ఏ చోట్లు ఊహించే శ్రాంప్ లాంటి టూల్‌ని మిరప మీద నేరుగా వాడొచ్చా? నా దగ్గరున్నది 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్. ల్యాబ్‌లో క్యూపీసీఆర్ ఉంది, సీక్వెన్సింగ్ మాత్రం బయటికి పంపాలి.

---

కృష్ణలంక_సీక్వెన్స్, విజయవాడ

మోడల్‌లో తప్పేమీ లేదండీ. మీరు అడిగిన ప్రశ్నకి అది సరైన జవాబే చెబుతోంది. ప్రశ్నే వేరేది అయిపోయింది.

మీ పాజిటివ్‌లన్నీ డ్రాచ్‌లోనివి. నెగెటివ్‌లు ఏదో ఒక ఏ. ఇక మోడల్ నేర్చుకోవాల్సింది ఒక్కటే: ఈ ఏ చుట్టూ డ్రాచ్ ఉందా, లేదా? మిథైల్ ఊసే అక్కర్లేదు. మిర్చి యార్డులో మంచి కాయలోంచి తాలు కాయ ఏరడం నేర్పాల్సిన మనిషికి మిరపకాయకీ బెండకాయకీ తేడా నేర్పినట్టయింది.

లెక్క వేసి చూడండి. డ్రాచ్‌లో మొదటి బేస్ ఏ, జీ, యూల్లో ఏదైనా కావచ్చు, రెండోది ఏ లేదా జీ, మూడోది మన ఏ, నాలుగోది సీ, అయిదోది ఏ, సీ, యూల్లో ఏదైనా. నాలుగు బేస్‌లూ సమానంగా ఉన్నాయనుకుంటే, రాండమ్‌గా తీసిన ఒక ఏ చుట్టూ ఈ అమరిక ఉండే అవకాశం 3/4 × 1/2 × 1/4 × 3/4, అంటే 7 శాతం. కాబట్టి మీ నెగెటివ్‌లలో 93 శాతం చూడగానే తేలిపోతాయి. న్యూరల్ నెట్‌వర్క్ ఏమీ లేకుండా, 'డ్రాచ్ ఉంటే పాజిటివ్' అనే ఒక్క లైను రెజెక్స్‌కి (అక్షరాల అమరికని వెతికే సూత్రం) మీ టెస్టులో పాజిటివ్‌లు వందకి వంద, నెగెటివ్‌లు వందకి 93 సరిగ్గా వస్తాయి. సగటు 96.5. మీ మోడల్ 94 దగ్గర ఆగింది. మిరపలో ఏ, యూలు కాస్త ఎక్కువ కాబట్టి అసలు అంకె కొంచెం జరుగుతుంది, విషయం మాత్రం మారదు.

ఇప్పుడు మీ 1500 బేస్‌ల ట్రాన్స్‌క్రిప్ట్‌కి రండి. అందులో ఏ లు సుమారు 375. అసలు ఎం6ఏ మూడు అనుకుంటే మిగిలినవి 372, వాటిలో 7 శాతం అంటే 26. మూడూ 26 కలిపితే 29. మీకు కనబడుతున్న 'దాదాపు 30' ఇదే. కటాఫ్ 0.9కి పెంచినా తగ్గకపోవడానికీ కారణం ఇదే. మోటిఫ్ కనబడగానే స్కోరు పైకప్పుకి తగులుతోంది, అసలుకీ నకిలీకీ మధ్య ఎడం అక్కడ మిగల్లేదు.

సరిచేయడం ఇలా. నెగెటివ్‌లు కూడా డ్రాచ్‌లోని ఏ లే కావాలి, పైగా పాజిటివ్ ఉన్న అదే ట్రాన్స్‌క్రిప్ట్ నుంచే రావాలి. వేరే జీన్ నుంచి తెస్తే ఇంకో దొంగదారి తెరుచుకుంటుంది. పీక్ లేని జీన్‌లో మిథైల్ లేకపోయి ఉండొచ్చు, లేదా ఆ జీన్ ఆకులో అసలు పలకకపోయి ఉండొచ్చు. రెండో రకాన్ని నెగెటివ్ అని ముద్ర వేస్తే మోడల్ 'ఏ జీన్‌లు ఎక్కువగా ఎక్స్‌ప్రెస్ అవుతాయి' అన్నది నేర్చుకుంటుంది. ఇన్‌పుట్ లైబ్రరీలో (యాంటీబాడీతో లాగకముందటి ఆర్‌ఎన్‌ఏ) ఆ చోట రీడ్‌లు సరిపడా ఉన్నాయో లేదో చూసి, ఉంటేనే నెగెటివ్ జాబితాలో వేయండి. పీక్ అంచుకి 100 నుంచి 200 బేస్‌ల లోపున్న డ్రాచ్‌లని ఏ జాబితాలోనూ పెట్టొద్దు.

పాజిటివ్‌ల సంగతి ఇంకొంచెం కష్టం. మెరిప్-సీక్‌లో ఆర్‌ఎన్‌ఏని 100–200 బేస్‌ల ముక్కలు చేసి యాంటీబాడీతో లాగుతారు, కాబట్టి పీక్ కూడా అంత వెడల్పే చూపిస్తుంది. డ్రాచ్ సగటున 57 బేస్‌లకి ఒకటి తగులుతుంది. 200 బేస్‌ల పీక్‌లో మూడో నాలుగో ఉంటాయి. మధ్యకి దగ్గరగా ఉన్నదే అసలుది అనుకోవడం ఊహ మాత్రమే, అది ఎన్నో చోట్ల తప్పు లేబుల్ అవుతుంది. దానికి బదులు పీక్‌ని ఒక సంచిలా చూడండి. లోపలి డ్రాచ్‌లన్నిటికీ మోడల్ విడివిడిగా స్కోరు ఇస్తుంది, 'కనీసం ఒకటైనా పాజిటివ్' అనే సంభావ్యతని మాత్రమే పీక్ లేబుల్‌తో పోల్చండి. ఒక్కోటి పాజిటివ్ కాని సంభావ్యతలన్నీ గుణించి, ఆ లబ్ధాన్ని ఒకటిలోంచి తీసేస్తే అదే ఆ విలువ. లాస్ ఫంక్షన్‌లో నాలుగు లైన్లు మారతాయి, మీ 8 జీబీ కార్డు దానికి ఎక్కువే.

ఇవి మార్చాక ఏయూసీ గట్టిగా పడిపోతుంది. కంగారుపడి పాత పద్ధతికి వెళ్లకండి. మీ మోడల్‌కి మిథైలేషన్ గురించి ఎంత తెలుసో చెప్పే అంకె ఆ కొత్తదే.

---

బ్రాడీపేట_డేటా, గుంటూరు

పైన చెప్పినదంతా సరైనదే. దాంతోపాటు కిటికీలు కోసిన చోట జరిగే పొరపాట్లు చూసుకోవాలి, ఇవి చడీచప్పుడు లేకుండా ఫలితాన్ని మార్చేస్తాయి.

ముందు చేయాల్సింది, పాజిటివ్ కిటికీల్లో 21వ అక్షరం ఏమిటో లెక్కపెట్టడం. నూటికి నూరూ ఏ రావాలి. అన్నీ సీ అయితే కోఆర్డినేట్ ఒక స్థానం కుడికి జరిగింది, ఎందుకంటే డ్రాచ్‌లో ఏ తర్వాత వచ్చేది సీ ఒక్కటే. ఏ, జీ కలిసి వస్తే ఎడమకి జరిగింది. బెడ్ ఫైల్ సున్నా నుంచి, జీఎఫ్‌ఎఫ్ ఒకటి నుంచి లెక్కపెడతాయి, జరుగుడు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. సుమారు సగం ఏ, సగం టీ వస్తే మైనస్ స్ట్రాండ్ జీన్‌లకి రివర్స్ కాంప్లిమెంట్ తీయలేదని అర్థం. మోటిఫ్ వెతికి కోశారు కాబట్టి మీ పాజిటివ్‌లలో ఇది బయటపడకపోవచ్చు, వేరే ఫైల్‌లోంచి కోసిన నెగెటివ్‌లలో తప్పకుండా చూడండి.

కిటికీని జీనోమ్ నుంచి కోశారా, స్ప్లైస్ అయిన ట్రాన్స్‌క్రిప్ట్ నుంచా? ఎక్సాన్ అంచుకి 20 బేస్‌ల లోపున్న చోట్లకి జీనోమ్ కిటికీలో ఇంట్రాన్ ముక్క వచ్చి చేరుతుంది. ఏదో ఒకటి ఎంచుకుని పాజిటివ్‌లకీ నెగెటివ్‌లకీ ఒకటే పాటించండి. ట్రాన్స్‌క్రిప్ట్ చివర్లో కిటికీ చాలక ఎన్‌లతో (ఏ బేసో తెలియదనే గుర్తు) నింపడం ఇంకో వల. ఎం6ఏ 3 ప్రైమ్ వైపు ఎక్కువ కాబట్టి పాజిటివ్‌లకే ఎన్‌లు ఎక్కువ అంటుకుంటాయి, మోడల్ ఎన్ కనబడగానే పాజిటివ్ అనేస్తుంది. ఎన్ ఉన్న కిటికీలన్నీ ఒకసారి తీసేసి ఫలితం ఎంత మారిందో చూస్తే తెలుస్తుంది.

80:20 రాండమ్ విభజన మానేయండి. రెండు డ్రాచ్‌లు 15 బేస్‌ల దూరంలో ఉంటే వాటి కిటికీలు సగానికి పైగా ఒకటే, ఒకటి ట్రైన్‌లోకీ ఇంకోటి టెస్టులోకీ వెళ్తుంది. ఒకే జీన్ ఐసోఫామ్‌లు (స్ప్లైసింగ్ తేడాతో వచ్చే రూపాలు) కూడా అంతే. జీన్‌కి ఒక ఐసోఫామ్ ఉంచుకోండి. మిరపలో 12 క్రోమోజోమ్‌లున్నాయి, ఒకటి నుంచి తొమ్మిది దాకా ట్రైనింగ్‌కి, పదోది కటాఫ్ తేల్చడానికి, 11, 12 చివరి పరీక్షకి అనుకోవచ్చు. అదొక్కటే సరిపోదు, జీన్ కుటుంబాలు ఒక క్రోమోజోమ్‌తో ఆగవు. టెస్టు కిటికీల్లో ట్రైనింగ్ వాటిని 80 శాతం పైగా పోలినవాటిని సీడీ-హిట్-ఈఎస్‌టీ-2డీ అనే పోలిక టూల్‌తో తీసేయండి. సీ విలువ 0.8 పెడితే ఎన్ విలువ 5 ఉండాలి. ఇంకో మాట, ఈ టూల్ తనంతట తాను రెండు స్ట్రాండ్‌లూ పోలుస్తుంది. మనకి కావాల్సింది ఒక్కటే స్ట్రాండ్, కాబట్టి ఆర్ విలువ 0 చేయండి.

సీఎం334, ఎల్‌సీఏ 334: పేర్లలో 334 కలిసినా రెండూ వేర్వేరు రకాలు, ఒకటి మెక్సికో మిరప, ఒకటి మనది. రిఫరెన్స్‌లో ఉన్న డ్రాచ్ మీ మొక్కలో ఒక్క అక్షరం తేడాతో లేకుండా పోవచ్చు, లేనిది ఉండొచ్చు. మెరిప్ ఇన్‌పుట్ రీడ్‌లు ఎలాగూ ఉన్నాయి. వాటితో వేరియంట్ కాలింగ్ చేసి, మార్పులు ట్రాన్స్‌క్రిప్ట్‌లో దిద్దాకే కిటికీలు కోయండి.

పేపర్లో రాసేటప్పుడు 1:1 టెస్టు మీద యాక్యురసీ రాయకండి. పరీక్ష క్రోమోజోమ్‌లలో ఎక్స్‌ప్రెస్ అయిన జీన్‌ల డ్రాచ్‌లన్నీ పెట్టి ప్రెసిషన్-రీకాల్ గీత గీయండి. అందులో ఏమీ తెలియని మోడల్‌కి వచ్చే వైశాల్యం పాజిటివ్‌ల వాటాతో సమానం. 26 డ్రాచ్‌లకి 3 అసలువైతే అది 0.115. మీకు 0.3 వచ్చినా గాలివాటం కాదన్నమాట. రెజెక్స్ స్కోరు కూడా అదే పట్టికలో పక్కన పెట్టండి.

---

పటమట_ఆర్‌ఎన్‌ఏ, విజయవాడ

41 బేస్‌లతో ఎంత కసరత్తు చేసినా ఒక హద్దు దాటదు. డ్రాచ్‌లన్నిటిలో ఏది మిథైల్ అవుతుందో తేల్చే సమాచారంలో పెద్ద భాగం ఆ కిటికీలో లేదు, అది ఎక్సాన్‌ల అమరికలో ఉంది.

ఎం6ఏ స్టాప్ కోడాన్ దగ్గర, పొడవైన ఎక్సాన్‌లలో ఎందుకు గుమిగూడుతుందో 2012లో మొదటి మ్యాపులు వచ్చినప్పటి నుంచీ ప్రశ్నే. 2022, 2023లో వేర్వేరు బృందాలు మానవ, ఎలుక కణాలలో ఒకే జవాబుకి వచ్చాయి. స్ప్లైసింగ్ అయ్యాక ప్రతి అతుకు దగ్గరా ఎక్సాన్ జంక్షన్ కాంప్లెక్స్ అనే ప్రోటీన్ల గుంపు కూర్చుంటుంది. అది మిథైల్ వేసే మెటిల్3-మెటిల్14 జంటని ఆ దరిదాపులకి, సుమారు 100 బేస్‌ల దాకా, రానివ్వదు. మామూలు లోపలి ఎక్సాన్‌లు 150 బేస్‌ల లోపే ఉంటాయి కాబట్టి రెండు వైపుల అతుకులూ కలిసి మొత్తం ఎక్సాన్‌ని కాపు కాస్తాయి. పొడవైన లోపలి ఎక్సాన్‌లో నడిభాగం, చివరి ఎక్సాన్‌లో అతుకుకి దూరంగా ఉన్న భాగం ఖాళీగా మిగులుతాయి. స్టాప్ కోడాన్ సాధారణంగా చివరి ఎక్సాన్‌లో పడుతుంది, అందుకే గుంపు అక్కడ కనబడుతుంది. అంటే మిథైలేషన్‌కి ఫలానా చోటుని ఎంచుకునే గుర్తు ఒకటి ఉందని వెతికేకన్నా, ఎక్కడ అడ్డు ఉందో చూడడం మేలు.

కాబట్టి ఒక్కో డ్రాచ్‌కి ఈ విలువలు లెక్కకట్టండి: ఎడమ అతుకు దూరం, కుడి అతుకు దూరం, ఆ ఎక్సాన్ పొడవు, లోపలిదా చివరిదా, స్టాప్ కోడాన్ నుంచి దూరం గుర్తుతో సహా, సీడీఎస్‌లోనా (ప్రోటీన్ కోడ్ ఉన్న భాగం) 3 ప్రైమ్ యూటీఆర్‌లోనా (దాని తర్వాతి భాగం), ఆ అయిదు బేస్‌లు 18 రకాల్లో ఏది. జీజీఏసీయూకీ యూఏఏసీఏకీ బలంలో చాలా తేడా ఉంటుంది, అందుకని 18నీ విడిగానే ఉంచండి. ఆర్‌ఎన్‌ఏ మడత కోసం వియన్నా ప్యాకేజీలోని ఆర్‌ఎన్‌ఏపీఎల్‌ఫోల్డ్‌తో ఆ ఏ జతకట్టకుండా ఉండే సంభావ్యత తీయొచ్చు, కానీ దాని సాయం తక్కువే ఉంటుందని నా అంచనా. వీటితో గ్రేడియెంట్ బూస్టింగ్ మోడల్ ఒకటి కట్టండి, సీపీయూ మీదే నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని దాటలేని డీప్ మోడల్‌ని పక్కన పెట్టేయొచ్చు. 2019లో వచ్చిన విజిల్ అనే మానవ టూల్ బలం కూడా సీక్వెన్స్‌తో పాటు ఇలాంటి జీనోమ్ ఫీచర్లు కలపడమే.

అతుకు దూరం నియమం మొక్కల్లోనూ అదే కొలతలో పనిచేస్తుందని ముందే నమ్మకండి. మీ పీక్‌లనే అతుకు దూరం వారీగా గీసి చూడండి. ఈ ఫీచర్లు జీన్ అన్నోటేషన్ మీద ఆధారపడతాయని కూడా గుర్తుంచుకోండి. మిరప జీనోమ్ దాదాపు 3.5 గిగాబేస్‌లు, ఎక్కువ భాగం ట్రాన్స్‌పోజాన్‌లే, అన్నోటేషన్‌లో యూటీఆర్ లేని జీన్‌లు బోలెడు తగులుతాయి. 3 ప్రైమ్ యూటీఆర్ లేకపోతే మీ అసలు పాజిటివ్‌లు ఉండాల్సిన చోటే మాయమవుతుంది. మీ ఇన్‌పుట్ రీడ్‌లతో రీడ్‌ల నుంచి ట్రాన్స్‌క్రిప్ట్‌లు కూర్చే స్ట్రింగ్‌టై నడిపి యూటీఆర్‌లు పొడిగించుకోండి.

మనుషుల టూల్ సంగతి. మోటిఫ్ వరకు పోలిక ఉంది, మొక్కల్లోనూ మిథైల్ వేసే ప్రధాన ఎంజైమ్ మెటిల్3కి చుట్టమే, దాన్ని ఎంటీఏ అంటారు. కానీ శ్రాంప్ 2016లో క్షీరదాల డేటాతో కట్టినది, దాని కటాఫ్‌లు అక్కడివి. మిరప మీద వచ్చిన స్కోరుని వరస చూడడానికి వాడొచ్చేమో గానీ అవును-కాదు తేల్చడానికి పనికిరాదు. ఐఆర్‌ఎన్‌ఏ-మిథైల్ అనే టూల్ ఈస్ట్‌ది, అందులో 1307 పాజిటివ్‌లు మాత్రమే, దాని జోలికే వెళ్లొద్దు. మీకు దగ్గరి దారి అరబిడాప్సిస్. ఎం6ఏ బాగా తగ్గిపోయిన విర్-1 అనే మ్యూటెంట్‌నీ దాన్ని సరిచేసిన లైన్‌నీ పక్కపక్కన పెట్టి చేసిన నానోపోర్ డైరెక్ట్ ఆర్‌ఎన్‌ఏ, మైక్లిప్ (యాంటీబాడీతో బేస్ స్థాయిలో ఎం6ఏ గుర్తించే పద్ధతి) డేటా 2020 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. బేస్ స్థాయి లేబుల్‌లు అక్కడ దొరుకుతాయి. దాని మీద ట్రైన్ చేసి, మీ మిరప పీక్‌ల మీద సంచి పద్ధతిలో సరిదిద్దండి.

టమాటా, అరబిడాప్సిస్ పేపర్లలో యూజీయూఏ తరహా మోటిఫ్ కూడా ఎం6ఏ మోటిఫ్‌గా కనిపిస్తుంది. దాన్ని పాజిటివ్‌గా కలపకండి. యాంటీబాడీ పీక్ లోపల ఒక మోటిఫ్ ఎక్కువగా ఉండడం వేరు, అందులోని ఏ మీద మిథైల్ ఉండడం వేరు. మొక్కల 3 ప్రైమ్ చివర్లలో పాలీఏ తోక ఎక్కడ పడాలో చెప్పే సంకేతంగా యూజీయూఏ ఎలాగూ ఎక్కువే ఉంటుంది. బేస్ స్థాయి డేటాలో మిథైల్ కనబడేది ప్రధానంగా డ్రాచ్‌లోనే.

---

మిరపనారు, గుంటూరు

కృష్ణలంక గారూ, రెజెక్స్ నడిపి చూశానండీ. నా మోడల్‌ని దాటేసింది, అది తేలిపోయింది. బ్రాడీపేట గారు చెప్పినట్టు నెగెటివ్‌లలో 21వ అక్షరం చూస్తే టీలు చాలా వచ్చాయి, అన్నీ మైనస్ స్ట్రాండ్ జీన్‌లవే. కిటికీలు మళ్లీ ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి కోస్తున్నాను.

ఇంకో రెండు అడగాలి. మా గైడ్ గారు ఒక నానోపోర్ డైరెక్ట్ ఆర్‌ఎన్‌ఏ రన్‌కి ఒప్పుకునేలా ఉన్నారు. బయటి సెంటర్‌కి పంపితే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? రెండోది, క్యూపీసీఆర్‌తో కొన్ని చోట్లయినా విడిగా నిర్ధారించే పద్ధతి ఉందా?

---

నంబూరు_పోర్, గుంటూరు జిల్లా

రన్ బుక్ చేసే ముందే కిట్ ఏదో అడగండి. ఇప్పుడు కావాల్సింది ఆర్‌ఎన్‌ఏ004. దానికి ఆర్‌ఎన్‌ఏ ఫ్లో సెల్ విడిగా ఉంటుంది, డీఎన్‌ఏకి వాడే ఆర్10.4.1 ఫ్లో సెల్ పనికిరాదు. పాత ఆర్‌ఎన్‌ఏ002కీ దీనికీ పోరే వేరు, సిగ్నల్ వేరు. అందుకే 002 మీద ట్రైన్ అయిన ఎపినానో లాంటి టూల్‌లు, ఎం6ఏనెట్ పాత మోడల్ ఈ డేటా మీద నడిపితే అంకెలైతే వస్తాయి, అర్థం ఉండదు.

పాలీఏ ఆర్‌ఎన్‌ఏ అయితే 300 నానోగ్రాములు, టోటల్ ఆర్‌ఎన్‌ఏ అయితే 1 మైక్రోగ్రాము అడుగుతారు. మిరప ఆకులో పాలీశాకరైడ్‌లు, ఫినాల్స్ ఎక్కువ. సీటాబ్‌తో తీసి లిథియం క్లోరైడ్‌తో అవక్షేపిస్తే చాలావరకు పోతాయి. శుద్ధతని చూపే 260/230 నిష్పత్తి 2 దగ్గర లేకపోతే పంపకండి, ఆ మురికి పోర్‌లని మూసేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం: సెంటర్ నుంచి పాడ్5 (ముడి సిగ్నల్) ఫైళ్లు అడిగి తీసుకోండి. ఫాస్ట్‌క్యూ మాత్రమే చేతిలో పెడితే మీ డబ్బు పోయినట్టే. మిథైల్ సమాచారం ఉండేది సిగ్నల్‌లో. ఏ, జీ, సీ, టీలుగా రాసేశాక అది మిగలదు. సిగ్నల్‌ని అక్షరాలుగా మార్చే డొరాడోలో సూప్ (అత్యధిక ఖచ్చితత్వం) మోడల్‌తో పాటు ఎం6ఏ మోడల్ కూడా జతచేసి బేస్‌కాల్ చేయాలి. మీ 8 జీబీ కార్డు మీద బ్యాచ్ సైజు తగ్గిస్తే నడుస్తుంది, కాకపోతే నెమ్మది. ఫలితం బ్యామ్‌లో ఎంఎం, ఎంఎల్ అనే రెండు ట్యాగుల్లో ఉంటుంది. ఇక్కడే ఎక్కువమందికి డేటా జారిపోతుంది. సామ్‌టూల్స్‌తో ఫాస్ట్‌క్యూగా మార్చేటప్పుడు పెద్ద టీ ఆప్షన్ ఇచ్చి ఆ రెండు ట్యాగుల పేర్లు రాయకపోతే అవి రాలిపోతాయి. తర్వాత మినీమ్యాప్2లో చిన్న వై ఆప్షన్ పెట్టకపోతే అక్కడా రాలిపోతాయి. అలైన్ అయ్యాక ఒక రీడ్ తెరిచి ట్యాగులు కళ్లారా చూశాకే చోటు చోటుకీ మిథైల్ శాతం లెక్కించే మోడ్‌కిట్ పైలప్‌కి వెళ్లండి.

ఆర్‌ఎన్‌ఏ 3 ప్రైమ్ చివర నుంచి పోర్‌లోకి వెళ్తుంది, తెగిన చోట ఆగిపోతుంది. కాబట్టి 5 ప్రైమ్ వైపు కవరేజీ పల్చగా ఉంటుంది, అక్కడ పాజిటివ్ రాలేదంటే మిథైల్ లేదని కాదు. కవరేజీ 20 లోపున్న చోట్లని 'తెలియదు' అని పక్కన పెట్టండి, నెగెటివ్‌లలో కలపకండి.

20 కూడా కనీసమే. ఒక్కో రీడ్‌లో తప్పు పాజిటివ్ 5 శాతం అనుకోండి. 20 రీడ్‌లలో నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ, అంటే 20 శాతం మిథైలేషన్, కేవలం తప్పుల వల్లే కనబడే అవకాశం 1.6 శాతం. డ్రాచ్‌లు మాత్రమే చూస్తే భరించవచ్చు. ట్రాన్స్‌క్రిప్ట్‌లోని 375 ఏ లూ చూస్తే ఒక్కోదానికి ఆరు నకిలీలు. అదే 50 రీడ్‌లుంటే పది దాటే అవకాశం వెయ్యికి ఒకటి కూడా ఉండదు.

అయితే ఆ తప్పులు అన్ని చోట్లా సమానంగా పడవు, కొన్ని సీక్వెన్స్‌ల దగ్గర పదేపదే పడతాయి. దానికి మందు ఐవీటీ (టెస్ట్ ట్యూబులో తయారుచేసిన ఆర్‌ఎన్‌ఏ) కంట్రోల్. మీ ఆకు ఆర్‌ఎన్‌ఏ నుంచి టీ7 ప్రమోటర్ తగిలించిన సీడీఎన్‌ఏ చేసి, మామూలు న్యూక్లియోటైడ్‌లతో మళ్లీ ఆర్‌ఎన్‌ఏగా రాయిస్తే సీక్వెన్స్ అదే ఉంటుంది, మిథైల్ ఒక్కటీ ఉండదు. అందులో కూడా పాజిటివ్ వచ్చిన చోటుని జాబితాలోంచి కొట్టేయడమే. మిరపలో ఎంటీఏ నాకౌట్ లైన్ కోసం ఎదురుచూడకండి, అరబిడాప్సిస్‌లోనే పూర్తి ఎంటీఏ లోపం పిండం దశలో చంపేస్తుంది. ఐవీటీ బ్యామ్ మీద మోడ్‌కిట్ నడిపేటప్పుడు అది తనంతట తాను ఎంచుకునే కటాఫ్ వాడొద్దు. ఆ కటాఫ్‌ని అది ఏ ఫైల్‌కి ఆ ఫైల్ చూసి, నమ్మకం తక్కువున్న 10 శాతం కాల్స్ వదిలేసేలా పెట్టుకుంటుంది. అసలు శాంపిల్‌కి వచ్చిన విలువనే ఐవీటీకీ ఇవ్వండి, లేకపోతే రెండిటినీ పోల్చలేరు.

---

పటమట_ఆర్‌ఎన్‌ఏ, విజయవాడ

క్యూపీసీఆర్‌తో చేసేది సెలెక్ట్ అనే పద్ధతి, 2018లో వచ్చింది. అనుమానం ఉన్న ఏ కి అటొకటి ఇటొకటి డీఎన్‌ఏ ప్రోబ్‌లు అతుక్కుంటాయి, మధ్యలో ఆ ఒక్క బేస్ ఖాళీ. బీఎస్‌టీ పాలిమరేజ్ అక్కడ ఒక టీ పెట్టాలి, స్ప్లింట్‌ఆర్ లైగేజ్ రెండు ప్రోబ్‌లనీ అతకాలి. ఏ మీద మిథైల్ ఉంటే రెండు పనులూ సరిగా సాగవు, అతికిన ముక్క తక్కువ, సీటీ విలువ (సిగ్నల్ కనబడడానికి పట్టే సైకిళ్లు) ఎక్కువ వస్తుంది.

17 మైక్రోలీటర్లలో టోటల్ ఆర్‌ఎన్‌ఏ, రెండు ప్రోబ్‌లూ 40 నానోమోలార్ చొప్పున, డీటీటీపీ 5 మైక్రోమోలార్, కట్‌స్మార్ట్ బఫర్. 90 డిగ్రీల నుంచి పది పదిగా 50 దాకా ఒక్కో నిమిషం, తర్వాత 40 దగ్గర ఆరు నిమిషాలు. అప్పుడు 3 మైక్రోలీటర్లలో బీఎస్‌టీ 2.0 పాలిమరేజ్ 0.01 యూనిట్, లైగేజ్ 0.5 యూనిట్, ఏటీపీ 10 నానోమోల్‌లు కలిపి 40 దగ్గర 20 నిమిషాలు, 80 దగ్గర 20 నిమిషాలు. అందులోంచి క్యూపీసీఆర్‌కి తీసుకోవాలి. డౌన్ ప్రోబ్ 5 ప్రైమ్ చివర ఫాస్ఫేట్ పెట్టించి ఆర్డర్ చేయండి. అది లేకపోతే లైగేజ్‌కి అతకడానికి ఏమీ ఉండదు, ప్లేట్ మొత్తం ఖాళీగా వస్తుంది.

ఒక్క సీటీ చూసి తీర్పు చెప్పలేం, ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందన్నదీ అందులో కలిసి ఉంటుంది. అదే ట్రాన్స్‌క్రిప్ట్‌లో దగ్గర్లో, డ్రాచ్ కాని ఒక ఏ కి ఇంకో ప్రోబ్ జత పెట్టి దానితో సరిచేయండి. ఆర్‌ఎన్‌ఏలో సగాన్ని ఎఫ్‌టీఓ ఎంజైమ్‌తో మిథైల్ తీసేసి, సగాన్ని ఈడీటీఏతో ఎఫ్‌టీఓ పనిచేయకుండా చేసి పక్కపక్కన నడపండి. కంట్రోల్ చోటు సీటీ కదలకుండా, పరీక్ష చోటు సీటీ మాత్రమే ఎఫ్‌టీఓ వేసినప్పుడు తగ్గితే అక్కడ ఎం6ఏ ఉన్నట్టు. మిథైలేషన్ 10 శాతం లోపున్న చోట తేడా ట్రిప్లికేట్‌ల ఊగులో కలిసిపోతుంది, అలాంటివి ఎంచుకోకండి.

చోట్లు ఎంచేటప్పుడు మోడల్ ఎక్కువ స్కోరు ఇచ్చినవే కాకుండా, పొడవైన చివరి ఎక్సాన్‌లో జీజీఏసీయూ ఉండి కూడా తక్కువ స్కోరు వచ్చినవి కొన్ని కలపండి. ఎక్స్‌ప్రెషన్ రెండు వర్గాల్లోనూ ఒకేలా ఉండాలి, ఇన్‌పుట్ రీడ్‌లు చూసి జత చేసుకోండి. ప్రోబ్ ఆర్డర్ పెట్టే ముందు ఆ 40 బేస్‌లలో ఎల్‌సీఏ 334 వేరియంట్ ఏదీ లేదని బ్రాడీపేట గారు చెప్పిన ఫైల్‌తో సరిచూడండి. ఖాళీకి ఆనుకుని ఒక్క అక్షరం కలవకపోయినా లైగేషన్ పడిపోతుంది, అది మిథైల్ ఉన్నట్టే కనబడుతుంది.